ఓపెనింగ్ పేర్ల కంటే ముందు ఎఫ్7 గడి

"చెస్ నియమాలు వచ్చేశాయి, ఇప్పుడు ఏ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) బట్టీ పట్టాలి?" అని ఒకరు అడిగారు. ఏదీ వద్దు. ఎదుటివాళ్లు మూడో ఎత్తుకే మీ వరస తప్పిస్తారు, ఆ తర్వాత బట్టీ పనిచేయదు. దాని బదులు ఎఫ్7 గడిని అర్థం చేసుకోండి (తెలుపు వైపు నుంచి చూస్తే నిలువు వరసలకు ఎడమ నుంచి ఏ-హెచ్ అక్షరాలు, అడ్డ వరసలకు కింది నుంచి 1-8 అంకెలు). ఆట మొదట్లో అక్కడి నల్ల బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఓడేది అక్కడే.

తెల్ల బంటు ఈ4కి, నల్ల బంటు ఈ5కి వచ్చాయి. వెంటనే తెల్ల మంత్రి హెచ్5కి దూకిందనుకోండి. చాలామంది కంగారులో జీ6 బంటు జరిపి దాన్ని తరమబోతారు. మంత్రి ఈ5 బంటును కొట్టి చెక్ చెబుతుంది, అదే దెబ్బకు హెచ్8 ఏనుగు కూడా దాని దారిలో చిక్కుతుంది. ముందు గుర్రాన్ని సీ6కి తెచ్చి ఈ5 బంటును కాయాలి. తెల్ల శకటు (బిషప్) సీ4కి వచ్చాక అప్పుడు జీ6. ఇక్కడ గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మంత్రిని బెదిరిస్తే మాత్రం ఎఫ్7లో ఆట కట్టు. జీ6 తర్వాత మంత్రి ఎఫ్3కి వెళ్లి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తుంది. గుర్రం ఎఫ్6కి రావాల్సింది అప్పుడు. ఒక్క ఎత్తు ముందు ఏనుగును పోగొట్టిన జీ6, ఒక్క ఎత్తు ఆగితే ఆటను నిలబెడుతుంది. పైగా తెల్ల మంత్రి తన గుర్రానికి కావాల్సిన ఎఫ్3 గడిలో ఇరుక్కుంది.

"నాలుగెత్తుల్లో గెలవండి" అనే వీడియోల మీద నాకు కోపం ఇందుకే. నేర్పాల్సిన ఈ జవాబును వదిలేసి, వల వేయడం ఒక్కటే చూపిస్తారు.

తెల్లకు ఇటాలియన్ అనే ఓపెనింగ్ చాలు: ఈ4, గుర్రం ఎఫ్3, శకటు సీ4, కాస్లింగ్, డీ3, సీ3. సీ3 బంటు వల్ల నల్ల గుర్రం డీ4కి రాలేదు, తర్వాత మీ బంటు డీ4కి వెళ్లడానికీ ఆసరా ఉంటుంది. ఏమీ తోచక ఏ3, హెచ్3 జరపడం మానేయండి. గుర్రాలు ఇంకా వెనక వరసలోనే ఉండగా అవి వృథా ఎత్తులు.

నలుపుతో ఇదే ఆటలో, ఈ5 బంటు, సీ6 గుర్రం తర్వాత మూడో ఎత్తుకు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే, తెల్ల గుర్రం జీ5కి వచ్చి శకటుతో కలిసి ఎఫ్7ను పట్టుకుంటుంది. జవాబు డీ5. తెల్ల బంటు ఆ డీ5 బంటును కొట్టాక గుర్రంతో తిరిగి కొట్టకండి. తెల్ల గుర్రం ఎఫ్7లో బలవుతుంది, రాజు కొడతాడు, మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెబుతూ డీ5 గుర్రాన్నీ పట్టుకుంటుంది. గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకు నడవాలి. అందుకే కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కి తీసి శకటును బెదిరించాలి. బంటు పోయినా ఆట మీ చేతిలో ఉంటుంది.

ఈ లెక్కంతా ఇప్పుడే వద్దనుకుంటే, మూడో ఎత్తుకు గుర్రం బదులు శకటును సీ5కి తీయండి. ఎఫ్6 ఖాళీగా ఉన్నంతసేపు డీ8 మంత్రికి జీ5 దాకా దారి తెరిచే ఉంటుంది. తెల్ల డీ2 బంటు కదలకముందే గుర్రం అక్కడికొస్తే ఊరికే కొట్టేయొచ్చు.