కాయిల్ కొనే ముందు ఇవి చూడు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మిషనే కళ్ల ముందు మెదిలింది. బావ చేతిలో దాన్ని ఎన్నిసార్లు చూశానో! నాలుగేళ్లుగా గోనెసంచిలో చుట్టి అటక మీద పడేసిన ఆ చెట్లు కోసే చైన్ రంపాన్ని నువ్వు దించి, తుడిచి, పెట్రోలు పోసి తాడు లాగావంటేనే నాకు కడుపు నిండిపోయింది. ప్లగ్గుకి కరెంటు రావట్లేదని, షాపతను స్పార్క్ పుట్టించే కాయిల్ పోయింది, కొత్తది తెప్పించాలి అన్నాడని చెప్పావు. అతని మాట నిజమే కావచ్చు. కానీ కాయిల్‌ని అందరికంటే చివర అనుమానించాలి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. మిషన్ పక్కన పెట్టుకుని చదువు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు ఇంకా చదువుకుంటున్నావు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. ఏ దారి చూసినా అడ్డంగా చెట్లే. మా దగ్గరున్న రంపాల్లో ఒకటి రెండో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. ప్లగ్గు మార్చాను, స్పార్క్ లేదు. కాయిలే అనుకుని విశాఖకు మనిషిని పంపాను. కాయిల్ వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. బిగిస్తే అప్పుడూ అంతే. చివరికి వెనక పిడి కింద వేలు పెట్టి తడిమితే దొరికింది. మిషన్ ఆపే స్విచ్‌కి వెళ్లే వైరు బాడీకి రాసుకుని, బియ్యపు గింజంత మేర రబ్బరు ఊడి, లోపల రాగి మెరుస్తోంది. టేపు ముక్క చుట్టాను. రెండో లాగుడుకే అందుకుంది. ఆ రెండు రోజులూ ఒక బాలింత ఇంటి ముందు పనస చెట్టు అలాగే పడి ఉంది. వాళ్లు గొడ్డళ్లతో కొమ్మలు నరికి దారి చేసుకున్నారు. అది నాకిప్పటికీ బాధే.

ఈ రంపానికి బ్యాటరీ లేదు. తాడు లాగితే తిరిగే ఫ్యాన్ చక్రంలో అయస్కాంతం ఉంది. ఆ చక్రాన్నే మనం మ్యాగ్నెట్ అంటాం. అది కాయిల్ ముందు నుంచి పోతున్నప్పుడు కాయిల్‌లోని లావు తీగ చుట్లలో కరెంటు పుడుతుంది. చక్రం తిరిగే కొద్దీ కలుస్తూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు మొహాలున్నాయి, అవే పాయింట్లు. అవి మూసి ఉన్నంతసేపు ఆ కరెంటు అందులోనే తిరుగుతుంది. సరైన క్షణంలో పాయింట్లు విడిపోగానే ఆ దారి తెగి, పక్కనున్న సన్నతీగ చుట్లలో వేల వోల్టులు లేస్తాయి. ప్లగ్గు దగ్గర దూకేది అదే. మిషన్ ఆపడానికి స్విచ్ నొక్కితే అది చేసే పనేమిటంటే, లావు తీగను నేరుగా బాడీకి, అంటే ఎర్త్‌కి కలిపేయడం. అప్పుడు పాయింట్లు విడిపోయినా కరెంటు తెగదు, స్పార్క్ పుట్టదు. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా నీకే తడుతుంది.

ముందు బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ ఊడదీసి పక్కన పెట్టు. అంత పాత మిషన్‌కి చైన్ బ్రేక్ ఉండదు. పెట్రోలు ఒలికి ఉంటే తుడిచి, ఆరనిచ్చి, గాలి ఆడే నీడలో కూర్చో. ప్లగ్గు విప్పి చూడు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు అందుతోంది, మంటే లేదు. ఎన్నిసార్లు లాగినా పొడిగానే ఉంటే మన గొడవ కార్బురేటర్‌తో, ఈ ఉత్తరం పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి. ప్లగ్గు మసి పట్టి నల్లగా ఉంటే కరెంటు ఆ మసి మీదుగా జారిపోతుంది. శుభ్రం చేస్తూ కూర్చోకు, అదే నంబరు కొత్త ప్లగ్గు తెచ్చి, సందు అర మిల్లీమీటరు ఉందో లేదో చూసుకో.

ఇక పరీక్ష. ప్లగ్గుని వైరు కొసనున్న క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని సిలిండర్ రెక్కకి ఆనించు, కానీ ప్లగ్గు రంధ్రానికి దూరంగా. లాగినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, స్పార్క్ తగిలితే భగ్గుమంటుంది. రంధ్రాన్ని గుడ్డతో మూసెయ్యి. ప్లగ్గుని చేత్తో పట్టుకోకు, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకో. నీలంగా, టిక్కుమని చప్పుడుతో దూకితే మంచి స్పార్క్. పసుపుగా, సన్నగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే అది బయట కనిపించినా లోపల ఒత్తిడిలో పనిచేయదు.

స్పార్క్ లేదంటే తర్వాత చూడాల్సింది స్విచ్ వైరు. కాయిల్ దగ్గర దాన్ని విప్పి, కొస దేనికీ తగలకుండా టేపు చుట్టి మళ్లీ లాగు. ఇప్పుడు స్పార్క్ వచ్చిందా? కాయిల్ బంగారంలా ఉన్నట్టే. తప్పు వైరుదో, స్విచ్‌దో. వైరు పొడవునా, ముఖ్యంగా పిడి కింద, స్క్రూలు బిగించిన చోట్ల వేలితో తడుము. విప్పిన వైరుకీ బాడీకీ మధ్య మల్టీమీటరు పెట్టు, వైరు కలిస్తే కూసే చోట తిప్పి. స్విచ్ ఆన్‌లో, అంటే మిషన్ నడిచే వైపు, ఉండగా మీటరు కూయకూడదు. కూసిందంటే ఎక్కడో ఎర్త్ అవుతోంది. ఏం దొరికినా సరే, పరీక్ష అయ్యాక ఆ వైరుని తిరిగి కలుపు. "నడుస్తోంది కదా" అని వదిలేసేవాళ్లని చూశాను. స్విచ్ నొక్కితే ఆగని రంపంతో నువ్వు చెట్టు కిందికి వెళ్లడానికి నేను ఒప్పుకోను.

ప్లగ్గు వైరు, క్యాప్ తొందరగానే తేలిపోతాయి. క్యాప్ లోపల వైరుకి గుచ్చుకునే చిన్న స్ప్రింగు తుప్పు పట్టిందేమో, వైరుని ఎలుక కొరికిందేమో చూడు. రాత్రి లైటు ఆర్పేసి లాగితే, వైరు పగిలిన చోట నీలిరంగు చుక్క కనిపిస్తుంది.

అయితే నా అనుమానమంతా పాయింట్ల మీదే. మీది సోంపేట, ఉప్పుగాలి. నాలుగేళ్లు కదలకుండా పడి ఉంటే పాయింట్ల మొహాల మీద కంటికి కనిపించనంత పల్చటి చిలుము పడుతుంది. రెండూ తాకినట్టే ఉంటాయి, కరెంటు మాత్రం దాటదు. పాత బజాజ్ స్కూటర్లలోనూ ఇదే తంతు. మీ మిషన్‌కి పాయింట్లు మ్యాగ్నెట్ కింద ఉన్నాయి. దాన్ని ఊడదీయాలంటే పుల్లర్, అంటే చక్రాన్ని పట్టి బయటికి లాగే పనిముట్టు, కావాలి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకు, ఇరుసు మరల మీద సుత్తితో కొట్టకు. రెక్క విరిగినా, మర చెడినా ఆ సామాను దొరకదు.

మ్యాగ్నెట్ వచ్చాక ముందు ఇరుసు మీది చంద్రవంక కీ, అంటే మ్యాగ్నెట్ పక్కకి తిరగకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, చూడు. అది కోసుకుపోయి ఉంటే మ్యాగ్నెట్ కాస్త పక్కకి తిరిగి, స్పార్క్ వస్తున్నా వేళ తప్పుతుంది, తాడు వెనక్కి తన్నుతుంది. తర్వాత పాయింట్ల మధ్య సన్నటి పాయింట్ ఫైలు (చిన్న ఆకురాయి) రెండు మూడు సార్లు ఆడించు. గరుకు కాగితం వద్దు, దాని రవ్వ అందులోనే ఇరుక్కుంటుంది. పెట్రోలులో ముంచిన దళసరి తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగు, కాగితం నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా కొత్త కాగితంతో లాగుతూనే ఉండు. చివరిది పొడి కాగితం. పూర్తిగా విడిపోయినప్పుడు పాయింట్ల సందు 0.35 మిల్లీమీటరు దగ్గర పెట్టు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు)తోనే కొలువు. అక్కడ ఆయిల్ తడి కనిపిస్తే క్రాంక్ సీల్ (ఇరుసు చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు వలయం) కారుతున్నట్టు, శుభ్రం చేసినా నిలవదు. మొహాలు గుంటలు పడి కాలి ఉంటే పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు లేవకుండా ఆపే కండెన్సర్ పోయి ఉంటుంది. పాయింట్లు మార్చి దాన్ని వదిలేస్తే కొత్తవీ కాలిపోతాయి. రెండూ కలిపి మార్చు.

కాయిల్‌కీ మ్యాగ్నెట్‌కీ మధ్య తుప్పు ఉంటే గీకి తుడువు. ఆ సందు 0.2 నుంచి 0.3 మిల్లీమీటరు. దళసరి విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, కాయిల్‌ని అయస్కాంతానికి అంటుకోనిచ్చి, స్క్రూలు బిగించి, కార్డు లాగెయ్యి. చక్రం చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోలేదని చూసుకో.

ఇన్నీ అయ్యాక కూడా స్పార్క్ లేకపోతే కాయిల్‌ని తప్పు పట్టు. ఇంకో రకం జబ్బు కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, పావుగంటకి వేడెక్కగానే ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ నడుస్తుంది. వేడికి లోపలి తీగ విడిపోతుందన్నమాట. అలా అయితే ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడు, చల్లారాక చూస్తే ఏమీ తెలియదు. అప్పుడు స్పార్క్ బాగుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడు, గాలి ఆడక పెట్రోలు రాకపోయినా ఇలాగే ఆగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ లాగి చూడు. నాలుగు ఒకేసారి మార్చితే ఏది తప్పో నీకు తెలియదు. స్టార్ట్ అయ్యాక పాత పెట్రోలు పారబోసి, కొత్త పెట్రోల్లో 2టీ ఆయిల్ కలిపి పొయ్యి. మీ మిషన్‌కి లీటరుకి 40 మిల్లీలీటర్లు బావ కలిపేవాడు, నువ్వూ అంతే కలుపు.

పుల్లర్ నా దగ్గర ఉంది. ఆదివారం మీ అత్తయ్య సోంపేట వస్తోంది, సంచిలో పెట్టి పంపుతాను. పాయింట్ ఫైలు, ఫీలర్ గేజ్ కూడా అందులోనే ఉంటాయి. అవి వచ్చేలోపు స్విచ్ వైరు విప్పి చూసి, స్పార్క్ ఏ రంగులో వచ్చిందో ఫోన్ చేసి చెప్పు. షాపతనికి కాయిల్ ఆర్డరు ఇప్పుడే ఇవ్వొద్దు. మా చెల్లిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య