అలాస్కా క్రూయిజ్‌లో నీటి మీద గడిపే గంటలకు దుస్తులు ఎలా ఉండాలి?

మే చివరి వారంలో అలాస్కా క్రూయిజ్‌కు వెళ్తున్నామనీ, జూనోలో మెండెన్‌హాల్ సరస్సు మీద కనో (తెడ్లతో నడిపే సన్నని పడవ) నడపడానికీ తిమింగలాలను చూడడానికీ, కెచికాన్‌లో స్నార్కెలింగ్‌కూ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ, ముఖం నీటిలో పెట్టి ఈదుతూ కింద ఉన్నవి చూడడం) టికెట్లు తీసుకున్నామనీ రాశారు. మందపాటి కోటు ఒకటి కొంటే సరిపోతుందా అనీ, రక్తపోటుకు మందులు వాడే మీ నాన్నగారు వీటిలో దేనికి రావచ్చనీ అడిగారు. కొన్నేళ్ల క్రితం మేమూ ఈ మూడింటికీ వెళ్లాము. అందులో మొదటిదాన్ని నేను ఎంత అధ్వానంగా ముగించానో చెబితే, మిగిలిన సలహాలు ఎందుకు ఇస్తున్నానో మీకు సులభంగా అర్థమవుతుంది.

కోటు మాత్రం కొనకండి. ఆ ప్రాంతంలో మే నెల పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ అంకెను చూసి ‘ఇదేం చలి’ అనుకుని నూలు బనియను, దాని మీద స్వెటరు, కింద జీన్సు ప్యాంటు వేసుకుని బయలుదేరాను. ఆ అంకె ఊళ్లో నిలబడిన మనిషికే గానీ సరస్సు మధ్యలో కూర్చున్న మనిషికి వర్తించదని అప్పుడు తట్టలేదు. మేము వెళ్లినప్పుడు మెండెన్‌హాల్ సరస్సులో మంచుగడ్డలు తేలుతూ ఉన్నాయి, నీరు సున్నాకు కొద్ది డిగ్రీలే పైన ఉంటుంది. పైగా సరస్సు ఎగువన ఉన్న మెండెన్‌హాల్ హిమానీనదం మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట కిందికి జారి, నేరుగా మన ముఖం మీదికే వచ్చి కొడుతుంది.

మొదటి అరగంట బాగానే గడిచింది. పదిమందిమి కలిసి ఉత్సాహంగా తెడ్లు వేశాము, నాకైతే చెమట కూడా పట్టింది. తరువాత 115 మీటర్ల ఎత్తు నుంచి దూకే నగెట్ జలపాతం ఎదుట కనో ఆపి, గైడు ఆ లోయ చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. చరిత్ర ఆసక్తికరంగానే ఉండి ఉంటుంది, నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. చెమటకు తడిసిన బనియను వీపుకు అతుక్కుని మంచుముద్దలా మారింది. తెడ్డు ఎత్తినప్పుడల్లా దాని వెంట జారిన నీరు స్వెటరు చేతుల్లోకి మోచేతుల దాకా వెళ్లింది. ఒడ్డుకు చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయి, లైఫ్ జాకెట్ బకిల్ కూడా విప్పుకోలేకపోతే గైడు వచ్చి చిన్నపిల్లవాడికి విప్పినట్లు విప్పారు.

నీరు మన ఒంటి వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కాబట్టి దుస్తులు ఎంత మందంగా ఉన్నాయన్నది కాదు, చర్మానికి ఆనుకున్నవి ఎంత పొడిగా ఉన్నాయన్నదే అసలు విషయం. నూలు తేమను పీల్చుకుని వదలదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది, పాలిస్టర్ త్వరగా ఆరిపోతుంది. అందుకే ఒంటిని అంటిపెట్టుకునేలా పలుచని మెరినో ఉన్ని లేదా పాలిస్టర్ లోదుస్తులు, వాటి మీద ఫ్లీస్ (మెత్తని, తేలికైన పాలిస్టర్ బట్టతో చేసిన స్వెటరు), అన్నింటికీ పైన గాలినీ వాననూ ఆపే రెయిన్ జాకెట్, అదే రకం ప్యాంటు వేసుకోండి. కెచికాన్‌లో ఏడాదికి సుమారు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కాబట్టి ఈ పై పొర విషయంలో పొదుపు చేయవద్దు. తెడ్డు వేయడం మొదలుపెట్టే ముందు ‘కాస్త చలిగా ఉందే’ అనిపించేటంత తక్కువ వేసుకుని, ఫ్లీస్‌ను నీరు చొరని సంచిలో పెట్టుకుని, కనో ఆగిన వెంటనే, అంటే వణుకు రాకముందే, వేసుకోవడం మేలు. రెండోసారి మరో సరస్సు మీద ఈ పద్ధతినే పాటించాను, తేడా ఆశ్చర్యం కలిగించింది.

చేతుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అన్నింటికంటే ముందు మొరాయించేవి అవే. నేను నీరు చొరని గ్లోవ్స్ లోపల, చింపితే వేడెక్కే పొట్లాలు పెట్టుకుని తెలివైన పని చేశాననుకున్నాను. వాటిలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడే వేడి పుడుతుంది, బిగుతుగా మూసుకుపోయిన గ్లోవ్‌లో ఆ గాలి అందక పొట్లాలు చల్లారిపోయాయి. వాటిని పొడిగా ఉండే జాకెట్ జేబులో ఉంచుకుని విరామంలో చేతులు అక్కడ పెట్టుకోండి. తెడ్డు పట్టుకోవడానికి నియోప్రీన్ (రబ్బరు లాంటి మెత్తని పదార్థం) గ్లోవ్స్ వాడండి, జాకెట్ చేతుల అంచులను మణికట్టు దగ్గర బిగించండి. పాదాలకు ఒకే జత మందపాటి ఉన్ని సాక్సులు చాలు. రెండు జతలు వేసి బూటులో పాదాన్ని ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి, వెచ్చదనానికి బదులు తిమ్మిరి వస్తుంది.

స్నార్కెలింగ్ పేరు వినగానే భయం వేస్తుంది కానీ, నాకు మూడింటిలోనూ అతి తక్కువ చలి అనిపించింది దానిలోనే. అక్కడ వాళ్లిచ్చే వెట్‌సూట్, అంటే ఒంటికి బిగుతుగా పట్టే నియోప్రీన్ దుస్తు, దాదాపు 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. లోపలికి చేరిన పలుచని నీటి పొరను మన ఒళ్లే వెచ్చబరుస్తుంది, నియోప్రీన్‌లోని సన్నని గాలి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. సూట్ వదులుగా ఉంటే మాత్రం కదిలినప్పుడల్లా లోపలి వెచ్చని నీరు పోయి చన్నీరు వస్తుంది, కాబట్టి మొహమాటపడకుండా మరో కొలత అడిగి మార్చుకోండి. మాకు నీటిలోకి దిగేముందు సూట్ మెడ దగ్గర గోరువెచ్చని నీళ్లు పోశారు, ఆ క్షణం స్వర్గంలా ఉంది. సూట్ వేసుకోవడానికీ విప్పడానికీ పదేసి నిమిషాలు పడుతుంది కాబట్టి, దానికి ముందే బాత్‌రూమ్‌కు వెళ్లి రండి.

పొరపాటున నీటిలో పడితే ఏమవుతుందన్నది తెలిసి ఉండడం మంచిది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన 1-10-1 సూత్రం ప్రకారం, మంచునీటిలో మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, ఆ పైన చేతులూ కాళ్లూ మన మాట వినేది సుమారు 10 నిమిషాలు, ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఆ మొదటి నిమిషంలో ముఖం నీటి పైన నిలిపేది లైఫ్ జాకెట్టే. ఫోటో కోసమైనా దాన్ని విప్పవద్దు.

మీ నాన్నగారి విషయంలో ఈ మొదటి నిమిషమే ముఖ్యం. చన్నీరు ఒక్కసారిగా తగిలితే గుండె వేగమూ రక్తపోటూ పెరుగుతాయి, అందువల్ల స్నార్కెలింగ్‌కు ఆయనను తీసుకువెళ్లవద్దనే నా అభిప్రాయం. కనో సంగతి ఆయన డాక్టరును అడిగి నిర్ణయించండి. తిమింగలాల పడవకు మాత్రం నిశ్చింతగా రమ్మనండి. మేము ఎక్కినదానిలో వెచ్చగా ఉండే మూసిన గది ఉంది, మీరు టికెట్లు తీసుకున్నది కూడా అలాంటిదేనా అని కనుక్కోండి. పడవ వేగంగా వెళ్లేటప్పుడు డెక్ మీది గాలి చెవులు కోసేస్తుంది, కాబట్టి ఆ సమయమంతా ఆయనను లోపలే కూర్చోబెట్టి, ఇంజిను వేగం తగ్గగానే టోపీ పెట్టి బయటికి పిలవండి.