పాత లైనక్స్‌లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎలా?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వాడుతూ ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ వచ్చానండి, ఇప్పుడు కొత్తదాంట్లో కూడా ఉబుంటునే వేశా. ఏమేం పెట్టుకున్నానో నాకే గుర్తు లేదు. డీపీకేజీ గెట్-సెలక్షన్స్ అనే కమాండ్‌తో లిస్టు తీస్తే 2,000 పైన పేర్లొచ్చాయి. అన్నీ ఎక్కించేయొచ్చా?

జవాబు: ఎక్కించొచ్చు గానీ వద్దండి. అందులో మీరు కావాలని పెట్టుకున్నవి కొన్నే, మిగతావన్నీ వాటి వెనకాల డిపెండెన్సీలుగా, అంటే అవి పనిచెయ్యడానికి కావాల్సినవిగా తోడొచ్చినవి. లిస్టు మొత్తం ఎక్కిస్తే అన్నీ మీరే అడిగి పెట్టించుకున్నారని ఆప్ట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే, తీసే ప్రోగ్రామ్) లెక్కేసుకుంటుంది, రేపు ఏదైనా సాఫ్ట్‌వేర్ తీసేసినా దాని లైబ్రరీలు అక్కర్లేనివాటిని ఏరి తీసేసే ఆటోరిమూవ్‌కి దొరక్కుండా అక్కడే కూర్చుంటాయి.

పాతదాంట్లో అడిగి పెట్టించుకున్నవాటిని చూపించే ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ కమాండ్ కొట్టి, వచ్చిన లిస్టుని ఒక ఫైల్లోకి పంపండి. ఉబుంటు తనంతట తాను వేసుకున్నవి కూడా కొన్ని ఇందులో కనిపిస్తాయి, ఫర్లేదు. కానీ లైనక్స్-ఇమేజ్ అని మొదలయ్యే పాత కెర్నల్సూ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాములు), పాత గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్లూ ఉంటే చేత్తో తీసేయండి, కొత్త మెషీన్‌కి వాటితో పనేంటి.

కొత్తదాంట్లో ముందు ఆప్ట్ అప్‌డేట్. తర్వాత, ఫైల్లోని పేర్లను ఇంకో కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి హైఫన్ ఏ పెట్టి ఆ ఫైల్ పేరిచ్చి, దాని పక్కనే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ రాయండి (సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని). చాలామంది ఫైల్ని క్యాట్ కమాండ్‌తో చదివించి, వచ్చిందాన్ని పైపులో ఎక్స్‌ఆర్గ్స్‌కి పంపుతారు, అప్పుడు ఆప్ట్ ఎస్సా నోనా అని అడిగితే మనం టైప్ చేసేది దానికి చేరదు, పని మధ్యలో ఆగిపోతుంది. మొదటిసారి ఇన్‌స్టాల్ పక్కన హైఫన్ ఎస్ పెడితే ఏమీ వెయ్యకుండా ఏం చేస్తుందో మాత్రం చూపిస్తుంది.

ఒక్క పేరు దొరక్కపోయినా మొత్తం ఆగిపోతుంది, కంగారు పడకండి. ఉబుంటు వెర్షన్ మారితే కొన్ని ప్యాకేజీల పేర్లు మారతాయి, లేదంటే అది మీరు బయటి రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే సర్వర్) నుంచి తెచ్చుకున్నదై ఉంటుంది, ఆ రిపాజిటరీనీ, అందులోవి అసలువేనని సరిచూసే దాని కీనీ ముందు కలపాలి. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, పిప్ లాంటి వేరే ఇన్‌స్టాలర్లతో వేసినవి ఈ లిస్టులో రానే రావు, వాటికి వేరే లిస్టులు తీసుకోవాల్సిందే.

ఇంకోటి, వచ్చేది సాఫ్ట్‌వేరే, సెట్టింగులు కాదు. మీ సొంత సెట్టింగులు హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లలో ఉంటాయి, అవి కాపీ చేసుకోండి. సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ని మాత్రం గుండుగుత్తగా తేవద్దు. నేను ఒకసారి తెచ్చి, బూటయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో పాత డిస్కు యూయూఐడీలు (గుర్తింపు నంబర్లు) కూడా వచ్చేసి, సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే సాయంత్రమంతా దాంతోనే సరిపోయింది.