కార్బన్ ఉక్కు జేబుకత్తి నల్లబడితే పాడైనట్టేనా?

పాడైనట్టు కాదు, కార్బన్ ఉక్కుతో చేసిన మడత కత్తి బ్లేడు వాడేకొద్దీ బూడిద రంగుకో, నీలం కలిసిన నలుపుకో తిరగడం సహజం, అది తుప్పు కాదు. తుప్పును ఆపే క్రోమియం ఈ ఉక్కులో దాదాపు ఉండదు కాబట్టి, పండ్లలోని ఆమ్లాలు, వగరునిచ్చే టానిన్లు ఇనుముతో చర్య జరిపి బ్లేడు మీద పలుచని ముదురు పొరను ఏర్పరుస్తాయి. లోహాన్ని గట్టిగా అంటుకుని ఉండే ఆ పొర, కింది ఉక్కు తుప్పు పట్టడాన్ని కొంతవరకు నెమ్మదింపజేస్తుంది. ఎర్ర తుప్పు ఇందుకు భిన్నంగా పొడిలా రాలుతూ, తేమను పట్టి ఉంచి, లోహాన్ని గుంటలు పడేలా తినేస్తుంది.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో రూపొందించిన కర్రపిడి కత్తిని ఉదాహరణగా తీసుకోవచ్చు. 8.5 సెంటీమీటర్ల బ్లేడుండే దాని 8వ నంబరు కార్బన్ రకంతో ఆపిల్ పండు కోసి, తుడవకుండా కాసేపు ఉంచితే ముదురు మరకలు తేలతాయి. ఇనుప కత్తిపీట మీద పచ్చి అరటికాయ తరిగినప్పుడు మన ఇళ్లలో కనిపించే నలుపు కూడా ఇలాంటిదే.

చాలామంది ఈ నలుపును మురికిగా భావించి గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తారు. దానివల్ల రక్షణ పొర పోయి, కొత్తగా బయటపడిన ఉక్కు మరింత త్వరగా తుప్పు పడుతుంది. సేకరణ కోసం పాత కత్తి కొన్నవారు ముఖ్యంగా ఈ పని చేయకూడదు. వాడిన వెంటనే కడిగి, పొడిగా తుడిచి, ఒక చుక్క నూనె రాస్తే సరిపోతుంది. కర్రపిడిని మాత్రం నీళ్లలో నానబెట్టకూడదు, అది ఉబ్బితే బ్లేడు బిగుసుకుపోతుంది.