పదిహేను సమస్యలు కాదు, ఒక్క మలుపు

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీతో పాటు నాకూ కోపం వచ్చింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని పక్కన అంకెలు వేసుకుంటూ చదివాను. పదిహేను తేలాయి. బడి ముందు బండ్ల స్పీడు, పార్కులో విరిగిన ఉయ్యాల, వెలగని వీధి దీపాలు, మూత లేని కాలువ, అర్ధరాత్రి దాకా మోగే మైకులు, మూసేసిన లైబ్రరీ, బడి గోడ పక్కనే సిగరెట్ల అమ్మకం... అన్నీ నిజాలే. ఒక్కటీ నువ్వు కల్పించింది కాదు. అయినా ఆ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు మునిసిపల్ ఆఫీసుకి పంపుతానంటే మాత్రం వద్దంటాను.

ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే పంపాను. టీచరుగా రిటైరైన కొత్త. చేతినిండా తీరిక, నోటినిండా అభిప్రాయాలు. నాలుగు పేజీలు, పదకొండు సమస్యలు, కింద నలభై సంతకాలు. రోడ్లు చూసేది ఒక విభాగం, దీపాలు ఇంకోటి, పార్కులు వేరొకటి. నా కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తూనే ఉంది. చదివిన ప్రతివాళ్ళూ "ఇందులో మాది ఒకటే పాయింటు" అని పక్కకి జరిపారు. ఎనిమిది నెలలకి జవాబు వచ్చింది. ఒక్క వాక్యం: పరిశీలనలో ఉంది. తప్పంతా వాళ్ళదేనని చాలా రోజులు తిట్టుకున్నాను. ఇప్పుడు అడిగితే సగం నాదేనంటాను.

అందుకని ఒక్కటి పట్టుకో. ఏదో నువ్వే తేల్చుకోవాలి గానీ, నన్నడిగితే బడి దగ్గరి మలుపు. ఉయ్యాల ఈ నెల కాకపోతే వచ్చే నెల బాగవుతుంది. మలుపులో జరగకూడనిది జరిగితే బాగుచేసేది ఉండదు. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 29 ఏళ్ళ లోపు వాళ్ళని ఏ జబ్బు కంటే కూడా ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ మొదలుపెడితే ఎవరూ "ఇదేమంత పెద్ద విషయం" అనలేరు.

పట్టుకున్నాక వెంటనే రాయడానికి కూర్చోకు. వెళ్ళి నిలబడు. బడి వదిలే వేళకి పావుగంట ముందు వెళ్ళి, వదిలాక ఇంకో పావుగంట ఉండు. వరసగా ఐదు రోజులు. మొదటి రోజు నీకు కోపం తప్ప ఏమీ కనపడదు. మూడో రోజుకి కళ్ళు కుదురుకుంటాయి. గళ్ళ కాగితం తీసుకెళ్ళు. ఆగిన బండికో గీత, ఆగకుండా పోయిన బండికో గీత, రోడ్డు మధ్యలోంచి వెనక్కి పరిగెత్తిన పిల్లలకి వేరే గీత. ఆ మూడో వరసే అందరి నోళ్ళూ మూయిస్తుంది.

ఇంకో పని చెయ్యి, సిగ్గుపడకు. జీబ్రా గీతల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రోడ్డు వైపు చూడు. మూడేళ్ళ పిల్ల ఎత్తు దాదాపు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఆగి ఉన్న కారు గోడలా ఉంటుంది, దాని అవతల వస్తున్నదేదీ కనపడదు. పిల్ల కూడా అటువాడికి కనపడదు. "పిల్లలు చూసుకోకుండా ఉరుకుతారండీ" అనేవాళ్ళని ఒక్కసారి అక్కడ కూర్చోబెట్టాలని నాకు ఎంత కోరికో.

స్పీడు లెక్క కూడా దగ్గర పెట్టుకో. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. 30 అయితే 8 మీటర్ల పైచిలుకు. పిల్లాడు అడ్డం వచ్చాడని కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడటానికి ఒక్క సెకను పడుతుందనుకుందాం. 30లో వచ్చే కారు, పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగుంటే, 13, 14 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. అదే చోట పిల్లాణ్ని చూసిన 50 కారు, ఆ 14 మీటర్లూ దాటేసరికి ఇంకా బ్రేకు వెయ్యడమే మొదలుపెట్టి ఉండదు. నేను దీన్ని మా వీధిలో సుద్దముక్కతో గీసి, అడుగులేసి చూపించాను. మాటలతో అరగంట వాదించినా వినని ఒకాయన ఆ గీత చివర నిలబడి కాసేపు ఏమీ అనలేదు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల మంత్రులు కలిసి ప్రకటించారు కూడా. అర్జీలో ఈ ముక్క ఒక్క వాక్యం చాలు.

ఇప్పుడు నీకు నచ్చని మాట. నీ లెక్కలో అడ్డదిడ్డంగా ఆగిన బండ్లు ఎవరివో చూడు. చాలావరకు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నలవే. మన పిల్లని ఎండ తగలకుండా గేటు ముందే ఎక్కించుకోవాలని జీబ్రా గీతల మీద ఆపుతాం, పక్కింటి పిల్లకి రోడ్డు కనపడకుండా చేస్తాం. నా లెక్కలో మనింటి బండి కూడా ఒకటి వచ్చింది. ఎవరిదో రాయను, ఇంట్లో గొడవలెందుకు. కాబట్టి ముందు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళు, ఆఫీసు తర్వాత. వంద అడుగుల ఇవతల దిగి నడుద్దామని పదిమంది ఒప్పుకున్నా వారంలో తేడా తెలుస్తుంది. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

పిల్లల్ని అడగడం మర్చిపోకు. నేను రెండోసారి ప్రయత్నించినప్పుడు నాకు దారి చూపించింది వాళ్ళే. ఇంటి నుంచి బడికి వచ్చే దారి బొమ్మ గీయమన్నాను. ఏడేళ్ళవాడొకడు జీబ్రా గీతల్ని ఉన్నచోట గీయలేదు, ఇరవై అడుగుల అవతల, చెట్టు ఎదురుగా గీశాడు. తప్పు గీశావురా అన్నాను. "కాదు టీచర్, అందరం అక్కడే దాటతాం" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. అసలు గీతల దగ్గర కాలిబాట మీద ఇసక కుప్ప. దాన్ని తప్పించుకుని రోడ్డెక్కిన పిల్లలు మళ్ళీ వెనక్కొచ్చి గీతల మీద ఎందుకు దాటతారు? నేను ఆ దారిన రోజుకి రెండుసార్లు నడుస్తాను, నా కంటికి పడలేదు. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలోనే ఉంది. హక్కు సంగతి అటుంచు, వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

అర్జీ ఒక్క పేజీ. పైన ఏ మలుపు, ఏ గేటు. మధ్యలో నీ ఐదు రోజుల లెక్క. కింద ఏం కావాలో. అందరూ స్పీడ్ బ్రేకర్ అడుగుతారు. నువ్వు దాంతో మొదలుపెట్టకు. రంగు వెలిసిన బ్రేకర్ రాత్రిపూట రెండు చక్రాల వాళ్ళని పడేస్తుంది, అంబులెన్సుకీ ఇబ్బందే. దాటే చోటుకి ముందు కొన్ని మీటర్ల మేర బండ్లు ఆపకుండా చెయ్యమను, కాలిబాట ఖాళీ చేయించమను, పిల్లలు నిజంగా దాటే చోటుకి గీతలు మార్చమను. బండ్లు మలుపుని అడ్డంగా కోసుకుంటూ పోకుండా మూలన డ్రమ్ములు పెట్టి ఒక నెల చూద్దామను. "ఒక నెల చూద్దాం" అంటే కాదనడం కష్టం. మా ఇంజనీరు నా లెక్కలు పైపైన చూశాడు గానీ, ఆ పిల్లాడి బొమ్మని మాత్రం చేతిలోంచి కింద పెట్టలేదు. మరుసటి వారం టేపు పట్టుకుని వచ్చాడు.

కాగితం ఇచ్చినప్పుడు నంబరు వేయించుకో, తారీఖు రాసుకో. గుమాస్తా మీద అరవకు, ఆయన చేతిలో ఏమీ ఉండదు. రెండు వారాలకోసారి అదే మనిషిని కలువు. పనయ్యాక థాంక్స్ చెబుతూ ఒక ఉత్తరం ఇవ్వు. అది ఎవరూ ఇవ్వరు, అందుకే గుర్తుంటుంది.

మిగతా పద్నాలుగూ ఏమైపోవాలి అని అడుగుతావు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్టు ఒక చిన్న చౌకులో ఇసక గుంట, ఎక్కి దూకడానికి నాలుగు కమ్మీలు పెట్టి పిల్లలకి ఆటస్థలం చేశాడు. పెద్ద ఖర్చేం కాదు. అది చూసి మిగతా వీధుల వాళ్ళు మాకూ కావాలని నగరపాలక సంస్థకి ఉత్తరాలు రాశారు. 1978 వచ్చేసరికి అలాంటివి 700 పైగా లేచాయి. మొదటి రోజే ఏడు వందలు కావాలని అడిగుంటే ఏమయ్యేదో నా నాలుగు పేజీల కాగితాన్ని అడుగు.

పైగా ఆ పద్నాలుగూ నీ ఒక్కదాని నెత్తిన ఎందుకు? మైకుల గోల ఎవరి కిటికీకి దగ్గరో వాళ్ళకి అప్పగించు. పరీక్షల పిల్లలున్న ఇల్లయితే మరీ మంచిది. దీపాలకి స్తంభం నంబరు చెబితే చాలు, దానికి అర్జీ కూడా అక్కర్లేదు. కాలువ మూత మాత్రం వర్షాలు రాకముందే ఎవరో ఒకరు చూడాలి. అది ఆగే పని కాదు. మీ పై వాటా ఆయన ఎప్పుడూ ఖాళీగా ఉన్నానంటాడుగా, ఆయనకి చెప్పు.

సోమవారం నుంచి నిలబడు. గొడుగు తీసుకెళ్ళు. పెన్ను వద్దు, పెన్సిలే, చెమటకి సిరా అలుక్కుపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. మూడో వరసలో ఎన్ని గీతలు పడ్డాయో చూశాక అర్జీలో మొదటి వాక్యం ఏం రాయాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

మీ పెద్దమ్మ