ఏ పనికి ఏ కెమెరా? పాఠకుల సందేహాలు, జవాబులు

ప్రశ్న: నా ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. కొందామనుకుంటున్న మిర్రర్‌లెస్‌కేమో (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల కెమెరా) 24 మెగాపిక్సెళ్లే. పగలు ఫోన్ బ్రహ్మాండంగా తీస్తుంది గానీ, రాత్రి ఇంట్లో పిల్లల్ని తీస్తే మొహాలు అలికినట్టు వస్తున్నాయి. మిర్రర్‌లెస్ కొంటే ఈ బాధ తీరుతుందా?

జవాబు: కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటే తీరదు. లెక్క చూడండి. 200 మెగాపిక్సెల్ ఫోన్ సెన్సర్ (కాంతిని పట్టి ఫొటోగా మార్చే పలక) దాదాపు 10 × 7 మి.మీ. ఉంటుంది. చీకట్లో అది పదహారేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. చాలా మిర్రర్‌లెస్‌లలో ఉండే ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ., వైశాల్యంలో ఫోన్‌కి ఐదు రెట్లు. ఇక్కడిదాకా మిర్రర్‌లెస్‌దే పైచేయి. అయితే ఫోన్ లెన్స్ ఎఫ్/1.7 ప్రాంతంలో (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దది) ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. కిట్ లెన్స్‌ను కాస్త జూమ్ చేశారంటే ఎఫ్/5.6కి దిగిపోతుంది, అంటే సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు పదకొండో వంతు. సెన్సర్ ఐదు రెట్లు ఇచ్చింది, లెన్స్ పదకొండు రెట్లు లాగేసుకుంది. పైగా ఫోన్ గబగబా కొన్ని ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది.

మొహాలు అలుక్కుపోవడం ఆ కలపడంతో వచ్చిన చిక్కే. గోడ కదలదు, సోఫా కదలదు, అవి ఎన్ని ఫ్రేములైనా కుదురుతాయి. పిల్లవాడి చెయ్యి మాత్రం ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది. కుదరని చోట ఫోన్ ఒకే ఫ్రేమును తీసుకుని, అందులోని నాయిస్ (ఇసుక చల్లినట్టు కనబడే మచ్చలు) తుడిచేస్తుంది. దాంతో పాటే చర్మం, వెంట్రుకల వివరాలూ పోతాయి.

బాడీ (లెన్స్ లేని కెమెరా) మామూలుదే కొని, 35 మి.మీ. ఎఫ్/1.8 లాంటి, జూమ్ లేని ప్రైమ్ లెన్స్ తీసుకోండి. షట్టర్ 1/250 సెకను, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/1.8 లేదా 2, ఐఎస్ఓ (పడిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి గరిష్ఠం 6400. తేడా మొదటి రోజే తెలుస్తుంది. దీనికో ఇబ్బంది ఉంది: రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు పాతిక సెంటీమీటర్లే. ఒకడు ముందు, ఒకడు వెనక నిలబడితే ఒకడే స్పష్టంగా వస్తాడు.

ప్రశ్న: పిట్టల ఫొటోలు తీయాలని ఉంది. 125 రెట్లు జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ మార్చలేనిది) మంచిదా, ఏపీఎస్-సీ కెమెరాకు 300 మి.మీ. లెన్స్ మంచిదా?

జవాబు: పిట్ట కూర్చుని ఉందా, ఎగురుతోందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

15 సెం.మీ. పొడవున్న పిట్ట 10 మీటర్ల దూరంలో కొమ్మ మీద ఉందనుకోండి. 300 మి.మీ. లెన్స్‌తో సెన్సర్ మీద దాని బొమ్మ 4.5 మి.మీ. పడుతుంది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీలో అది ఫ్రేము వెడల్పులో ఐదో వంతు, సుమారు 1,150 పిక్సెళ్లు. కత్తిరించి తెరమీద చూసుకోవడానికి సరిపోతుంది, పెద్ద ప్రింటుకు చాలదు. 125 రెట్ల జూమ్ అంటే నికాన్ పీ1000 లాంటిది. దాని అసలు ఫోకల్ లెంగ్త్ 539 మి.మీ. దాకా వెళ్తుంది. సెన్సర్ వెడల్పు మాత్రం 6.2 మి.మీ. పిట్ట బొమ్మ 8 మి.మీ. పడుతుంది కాబట్టి ఫ్రేములో పట్టదు, కొంచెం వెనక్కి జూమ్ చేయాలి. అన్నట్టు, పూర్తి జూమ్‌లో నిండు చందమామ కూడా నిలువునా పట్టదు!

మరి లోపమేమిటి? పూర్తి జూమ్‌లో దాని అపెర్చర్ ఎఫ్/8. అంత సన్నని రంధ్రంలో కాంతి విచ్చుకుని, ఒక్కో బిందువూ 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కగా పడుతుంది. పిక్సెల్ వెడల్పేమో 1.3 మైక్రాన్లు. అందుకే ఈకల అంచులు ఎంత ఎండలోనైనా మెత్తగానే ఉంటాయి. మబ్బు పట్టిందంటే ఐఎస్ఓ పెరుగుతుంది, సెన్సర్ చిన్నది కాబట్టి నాయిస్ వెంటనే బయటపడుతుంది. మధ్యాహ్నం దూరపు పిట్టను తీస్తే నేల నుంచి లేచే వేడిగాలికి బొమ్మ అలలా ఊగుతుంది. దానికి ఏ కెమెరా దగ్గరా మందు లేదు. పొద్దున్నే తీయడం, దగ్గరికి వెళ్లడం తప్ప.

ఏ పిట్టో గుర్తుపట్టడానికి, చెరువు అవతలి ఒడ్డున ఉన్నదాన్ని చూపించడానికి బ్రిడ్జ్ కెమెరానే కొనండి. ఎగిరేవాటికి మాత్రం ఏపీఎస్-సీ, షట్టర్ కనీసం 1/1600. పూర్తి జూమ్‌లో బ్రిడ్జ్ చూపించే వెడల్పు ఒక డిగ్రీ కూడా ఉండదు, పిట్టను ఫ్రేములో వెతికేలోపు అది వెళ్లిపోతుంది.

ప్రశ్న: నా పాత డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉన్న కెమెరా) 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ వాడతాను. కంటి మీద ఫోకస్ చేస్తే చెవి స్పష్టంగా వస్తోంది. మిర్రర్‌లెస్‌కి మారితే పోతుందా? ఉన్న లెన్స్‌లు పనికొస్తాయా?

జవాబు: ముందు లోపం ఎక్కడుందో చూడండి. కెమెరాను స్టాండు మీద బిగించి, ఒక స్కేలును 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. ఎఫ్/1.8లో, మధ్య ఫోకస్ పాయింటుతో, ఒకే అంకె మీద వ్యూఫైండర్ ద్వారా ఐదు ఫొటోలు, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఐదు తీయండి. ప్రతిసారీ ముందు ఫోకస్ రింగును ఒక చివరికి తిప్పాలి. లైవ్ వ్యూవి సరిగ్గా వచ్చి వ్యూఫైండర్‌వి ప్రతిసారీ వెనక్కే పోతుంటే, అది బ్యాక్ ఫోకస్.

డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసేది అసలు సెన్సర్ కాదు. అద్దం వెనకాల ఇంకో చిన్న అద్దం ఉంటుంది. అది కాంతిని కెమెరా అడుగున ఉన్న వేరే ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను పోయి చెవి వస్తుంది. మీ కెమెరా మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ లేదా మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు, అక్కడే సరిచేసుకోవచ్చు. చవక శ్రేణి డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి అది ఉండదు. అప్పుడు సర్వీస్ సెంటరే గతి, లేదా లైవ్ వ్యూ.

మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఈ రకం తేడా రాదు. కంటిని తనంతట తనే పట్టుకుంటుంది కూడా. లెన్స్‌ల సంగతికొస్తే, మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ దాకా దూరం డీఎస్ఎల్ఆర్‌ల నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ., మిర్రర్‌లెస్‌ల నికాన్ జెడ్‌లో 16 మి.మీ. అలాగే కెనాన్ ఈఎఫ్‌లో 44, ఆర్ఎఫ్‌లో 20. మిగిలిన ఖాళీలో అడాప్టర్ పడుతుంది. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు ఆటోఫోకస్‌తో సహా చక్కగా నడుస్తాయి. నికాన్‌లో లోపల మోటారు లేని పాత ఏఎఫ్, ఏఎఫ్-డీ లెన్స్‌లు నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద చేత్తో ఫోకస్ చేసుకోవలసిందే. కొనేముందు లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో, ఊరికే ఏఎఫ్ అని ఉందో చూడండి.

ఒక్కటి మాత్రం నష్టం: బ్యాటరీ. ఒక చార్జికి డీఎస్ఎల్ఆర్ 800 పైచిలుకు తీసే చోట మిర్రర్‌లెస్ తరచు 300, 400 దగ్గర ఆగిపోతుంది. రెండో బ్యాటరీ తప్పదు.

ప్రశ్న: హాల్లో చప్పుడు కాకూడదని సైలెంట్ షట్టర్ పెట్టాను. ఫొటోల నిండా అడ్డచారలు. కెమెరా పాడైందా?

జవాబు: కెమెరా బాగానే ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్‌ను పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి 1/20 సెకను పట్టిందనుకుంటే, ఆలోపు దీపం ఐదుసార్లు మినుకుతుంది. ఐదు చారలు. షట్టర్ 1/100 లేదా 1/50 పెట్టండి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/120 లేదా 1/60. అప్పటికీ పోకపోతే మెకానికల్ షట్టరే.

ప్రశ్న: యాక్షన్ కెమెరాతో బల్ల మీది చేతిపని వీడియో తీస్తే మసకగా వస్తోంది, మధ్యలో ఆగిపోతోంది కూడా.

జవాబు: చాలా యాక్షన్ కెమెరాలకు ఫోకస్ కదలదు, 30 సెం.మీ. కన్నా దగ్గరున్నది మసకే. ఆగిపోవడం వేడివల్ల. అవి గాలి తగులుతూ కదలడానికి చేసినవి, బల్ల మీద ఊరికే నిలబెట్టి 4కే తీస్తే ఉడికిపోతాయి. 1080కి దించండి. చేతిపనికైతే ఫోనే మేలు.

ప్రశ్న: ఫిల్మ్ కెమెరాతో మొదలుపెడితే బాగా నేర్చుకుంటామంటారు, నిజమా?

జవాబు: రోలుకు 36 ఫొటోలే కాబట్టి ఆచితూచి తీయడం అలవడుతుంది. కానీ తప్పు తెలిసేది రోలు కడిగాకే, అప్పటికి ఏ అపెర్చర్ పెట్టారో గుర్తుండదు. చిన్న నోటుపుస్తకంలో ప్రతి ఫొటోకి షట్టర్, అపెర్చర్ రాసుకునే ఓపిక ఉంటే సరే. లేకపోతే డిజిటల్ కెమెరాను మాన్యువల్‌లో పెట్టి నేర్చుకోండి. ఒకవేళ ఫిల్మే అయితే నెగెటివ్ రోలు వాడండి, ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు పడినా తట్టుకుంటుంది. స్లయిడ్ ఫిల్మ్ తట్టుకోదు.

ప్రశ్న: పాత కెమెరా, లెన్స్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: లెన్స్ అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చిని వాలుగా కొట్టి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనబడితే ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. కెమెరాలో ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడను తీయండి. చుక్కలు కనబడితే అది సెన్సర్ మీది దుమ్ము. రబ్బరు బ్లోయరుతో చాలావరకు పోతుంది కాబట్టి బేరానికి పనికొస్తుంది తప్ప కెమెరాకు వంక కాదు. నోటితో మాత్రం ఊదకండి, తుంపర పడితే మరక అవుతుంది. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. మామూలు బాడీల షట్టర్‌కు చెప్పే ఆయుష్షు లక్ష దరిదాపు, పై శ్రేణివాటికి రెండు లక్షలు, ఆపైన. కొన్నాక తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. జెల్ రంగు మారితే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.