వంటగట్టు కింద ఫ్రిజ్ కూత పెడితే

ఈ వేసవిలో నెల రోజులు సెలవు పెట్టి విశాఖ వచ్చాను. ఎంవీపీ కాలనీలో అమ్మ ఉండే అపార్ట్‌మెంటులో కింది ఫ్లోర్ ఆంటీ ఒక రోజు రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. "బాబూ, మావోడి ఫ్రిజ్ ఏటో కూత పెడతాందట, ఎంత నొక్కినా ఆగట్లేదట. నువ్వుండేది కూడా ఇంగ్లండే కదా, ఒక్కసారి మాట్లాడు" అని ఫోన్ నా చేతిలో పెట్టేశారు. అక్కడ పదిహేడేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఆ దేశంలోని ఫ్రిజ్‌లన్నీ నాకు పరిచయమేనని ఆవిడ నమ్మకం. నేను మెకానిక్‌ని కాను. కాకపోతే ఐదు అద్దె ఇళ్లు మారాను, ఐదింట్లోనూ గట్టు కింద ఫ్రిజ్‌లే. వాటితో పడ్డ తిప్పలు చాలానే ఉన్నాయి.

కుర్రాడు జనవరిలో చదువుకోడానికి వెళ్లాడు. లెస్టర్‌లో ఒక ఫ్లాట్‌లో నలుగురు కలిసి ఉంటున్నారు. మన ఇళ్లలో ఫ్రిజ్ అంటే హాల్లో స్టాండు మీద, పక్కన స్టెబిలైజర్‌తో దర్జాగా నిలబడుతుంది. అక్కడి చిన్న ఫ్లాట్లలో అది వంటగట్టు కింద దూరిపోతుంది. ఎత్తు 82 సెంటీమీటర్లు, వెడల్పు 50 నుంచి 60. కొన్ని ఇళ్లలో దాని తలుపుకి కూడా కప్‌బోర్డు చెక్కే బిగిస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇంట్లో ఫ్రిజ్ లేదనుకుని రెండు రోజులు పాలు కిటికీ బయట పెట్టుకున్నాను.

స్టెబిలైజర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతి అమ్మా అడుగుతుంది. అక్కడా 230 వోల్టులే, కరెంటు నిలకడగా ఉంటుంది. స్టెబిలైజర్ అక్కర్లేదు.

ఫోన్‌లో మొదట అడిగింది ఒక్కటే. తలుపు తీసి ఉంచినప్పుడు కూస్తోందా, మూసి ఉన్నప్పుడు కూడానా? తీసి ఉన్నప్పుడే అయితే అది తలుపు అలారం. మోడల్‌ని బట్టి ఒకటి రెండు నిమిషాలు దాటితే మొదలవుతుంది, తలుపు వేయగానే ఆగిపోతుంది. దాన్ని రోగం అనకూడదు. తలుపు మూసినా కూస్తోందంటే అది వేడి అలారం కావచ్చు: లోపల ఉండాల్సినంత చల్లగా లేదని అర్థం. మూడో రకంలో అంకెల స్థానంలో ఇ1 అనో ఎఫ్3 అనో ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి. చాలావరకు అది లోపలి సెన్సర్ చెడిందని చెప్పడం, కానీ ఒక్కో కంపెనీకి ఒక్కో భాష. ఒక బ్రాండులో ఇ1 అంటే ఒకటి, ఇంకో బ్రాండులో మరొకటి. దాన్ని ఇంటర్నెట్‌లో వట్టి ఇ1 అని వెతికితే లేనిపోని టెన్షన్. కూరగాయల డ్రాయర్ పక్కన లోపలి గోడ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, మోడల్ నంబరు దాని మీద దొరుకుతుంది. ఆ నంబరుతో మాన్యువల్ వెతకాలి.

మావాడిది రెండో రకం. ఎర్ర లైటు, 11 అనే అంకె ఆరిపోతూ వెలుగుతూ ఉంది. అలారం బటన్ నొక్కితే మోత ఆగుతోంది, కాసేపటికి మళ్లీ మొదలు. "బటన్ పాడైందేమో అన్నయ్యా" అన్నాడు. బటన్ పని నోరు మూయించడం వరకే, జ్వరం తగ్గించడం కాదు. బ్రిటన్‌లో ఆహార భద్రత చూసే సంస్థ చెప్పే లెక్క ఫ్రిజ్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ, ఫ్రీజర్ మైనస్ 18. అతని ఫ్రిజ్ ఆ గీత దాటి ఆరు డిగ్రీలు పైకి వెళ్లింది.

నేను వెంటనే తలుపు రబ్బరు పోయిందని తీర్మానించేశాను. పాత అద్దె ఇళ్లలో అదే మామూలు. ఒక కాగితం తలుపు సందులో పెట్టి మూసి లాగమన్నాను. పట్టు లేకుండా ఊడి వచ్చిన చోట రబ్బరు సడలినట్టు. చుట్టూ పది చోట్ల లాగాడు, ఎక్కడా జారలేదు. నా తీర్మానం తప్పయింది. పాన్ హ్యాండిల్ తలుపుకి అడ్డుపడుతోందా, వేడి సాంబారు గిన్నె పెట్టారా, వెనక గోడకి ఆనుకుని గిన్నెలు కుక్కేశారా? అన్నింటికీ కాదనే అన్నాడు. నలుగురి వంట ఒకే చిన్న ఫ్రిజ్‌లో అంటే మూడోది మాత్రం నేను పూర్తిగా నమ్మలేదు.

చివరికి వీడియో కాల్ పెట్టి వంటగది చూపించమన్నాను. చూడగానే తెలిసిపోయింది. ఫ్రిజ్ కింద నేల దగ్గర ఒక సన్నటి చెక్క పట్టీ ఉంటుంది, దానికి చీలికల్లాంటి జాలీ. దానికి ఆనించి పది కిలోల సోనా మసూరి బస్తా, దాని మీద ఉల్లిపాయల సంచి. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి బయటికి వదిలితేనే లోపల చల్లబడుతుంది. మన ఇంట్లో ఫ్రిజ్ వెనక గోడకి జానెడు ఖాళీ వదులుతాం కాబట్టి ఆ ఆలోచనే రాదు. గట్టు కింది ఫ్రిజ్‌కి మూడు వైపులా చెక్కే, గాలి కింది జాలీ గుండానే ఆడాలి. అది మూసేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం చల్లబడదు. బస్తా పక్కకి జరిపించాను. ఆంటీ పక్కనుంచి "బియ్యం వల్లా!" అని నమ్మలేనట్టు చూశారు.

వెంటనే చల్లబడుతుందని ఎదురుచూడకండి. అంకె 5కి రావడానికి మర్నాడు పొద్దున దాకా పట్టింది. ఈలోగా పది నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తే మళ్లీ మొదటికే.

మర్నాడు 5 చూపిస్తోందని సంతోషంగా ఫోన్ చేశాడు. అయితే ముందురోజు పెట్టిన దోసెల పిండి పొంగి మూత లేచిందని కూడా చెప్పాడు. తెలుగువాళ్ల ఇళ్లలో అసలైన థర్మామీటర్ అదే. ఫ్రిజ్ సరిగ్గా ఉంటే పిండి రెండు మూడు రోజులు మెల్లగా పులుస్తుంది. రాత్రికి రాత్రి పొంగిందంటే లోపల వెచ్చగా ఉన్నట్టే, డిస్‌ప్లే ఏమైనా చెప్పుకోనీ. ఒక చవక ఫ్రిజ్ థర్మామీటర్ కొనమన్నాను. దాన్ని ఒక గ్లాసు నీళ్లలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచాలి. గాలి వేడి తలుపు తీసినప్పుడల్లా మారుతుంది, నీళ్లు మాత్రం నిజం చెబుతాయి. అతనికి 7 వచ్చింది. సెట్టింగ్ రెండు మెట్లు తగ్గించాక సర్దుకుంది.

అంకెల డిస్‌ప్లే లేకుండా తిప్పే డయల్ ఉంటే ఇంకో పొరపాటు ఉంది. 1 నుంచి 5 దాకానో 7 దాకానో ఉండే అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగే కొద్దీ చల్లదనం పెరుగుతుంది. 1 మీద పెట్టి ఐసు గడ్డ కట్టేస్తుందని భయపడేవాళ్లని నేను చాలామందిని చూశాను. అమెరికా వెళ్లినవాళ్లకి మరో తికమక, అక్కడ ఫ్రిజ్ మీద 37 అని కనిపిస్తే అది ఫారెన్‌హీట్, మన లెక్కలో దాదాపు 3 డిగ్రీలు.

ఇప్పుడు నా సొంత తెలివితక్కువతనం ఒకటి. వెళ్లిన ఏడాదే నాలుగు రోజులు స్నేహితుల ఇంటికి వెళ్తూ, ఊరెళ్లేటప్పుడు స్విచ్‌లన్నీ ఆపే ఇంటి అలవాటు ప్రకారం వంటగట్టు పైన వరసగా ఉన్న స్విచ్‌లన్నీ టకటకా ఆపేశాను. ఆ ఇళ్లలో గట్టు కింది ఫ్రిజ్ ప్లగ్ దాని వెనకే దాగి ఉంటుంది, స్విచ్ మాత్రం పైన ఉంటుంది. కొన్నిచోట్ల దాని మీద పేరు రాసి ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. తిరిగి వచ్చేసరికి నేలంతా నీళ్లు, వంజరం పులుసు వాసన మెట్ల దాకా. ఫ్రిజ్‌లో లైటు కూడా వెలగడం లేదంటే ముందు ఈ స్విచ్ చూడండి. తర్వాత ఇంటి మెయిన్ బోర్డులో ఏదైనా ట్రిప్ అయిందేమో చూడండి. బ్రిటన్ ప్లగ్ లోపల చిన్న ఫ్యూజు కూడా ఉంటుంది, అది పోయినా ఇదే పరిస్థితి.

లైటు వెలుగుతోంది, డిస్‌ప్లే బాగుంది, లోపల మాత్రం బీరువాలా ఉందంటే రెండు సెట్టింగులు అనుమానించండి. ఒకటి షోరూంలో వాడే డెమో మోడ్, అందులో లైట్లన్నీ వెలుగుతాయి, చల్లబరచడం ఉండదు. రెండోది హాలిడే మోడ్, అందులో ఫ్రిజ్ భాగం దాదాపు 15 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రెండూ కాకపోతే కాసేపు నిశ్శబ్దంగా నిలబడి వినండి. కొన్ని నిమిషాలకోసారి టిక్ మని శబ్దం వచ్చి, కంప్రెసర్ గుర్రు మనబోయి ఆగిపోతుంటే అది స్టార్ట్ కాలేకపోతోంది. స్టార్ట్ రిలే, అంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న భాగం, పోయి ఉండొచ్చు, కంప్రెసరే పోయి ఉండొచ్చు. అక్కడితో మన పని అయిపోయింది, అది మెకానిక్ చూడాల్సిందే. గుడగుడలు, నీళ్లు పారుతున్న చప్పుడు మాత్రం మామూలే, గ్యాస్ తిరుగుతున్న శబ్దం అది.

నీళ్ల గురించి చాలామంది అడుగుతారు. ఫ్రిజ్ వెనక గోడ మీద చుక్కలు, పల్చటి మంచు కనిపిస్తే కంగారు వద్దు, అది తనంతట తాను కరిగి కింద చిన్న రంధ్రంలోంచి బయటికి పోతుంది. కరివేపాకు రెబ్బో, కొత్తిమీర ముక్కో ఆ రంధ్రంలో పడితే నీళ్లు కూరగాయల డ్రాయర్ కింద చేరతాయి. దూదిపుల్లతో మెల్లగా తీసి కాస్త గోరువెచ్చటి నీళ్లు పోస్తే చాలు.

ఐస్ బాక్స్‌లో మంచు పేరుకుపోతే మాత్రం కత్తి పట్టుకోవద్దు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఎ అనే ఐసోబ్యూటేన్ గ్యాస్ వాడుతున్నారు, అది మంటపట్టే రకం. కత్తి మొన గొట్టాన్ని గుచ్చితే ఫ్రిజ్ మొత్తం పోయినట్టే. బుస్సుమని శబ్దం వస్తే స్విచ్‌లు ముట్టకుండా, స్టవ్ వెలిగించకుండా కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. మంచు కరగాలంటే ఫ్రిజ్ ఆపి, తలుపు తీసి, తువ్వాళ్లు పరిచి ఓపిక పట్టడమే.

విశాఖ నుంచి వెళ్లినవాళ్లు కలలో కూడా ఊహించని రోగం ఒకటుంది: ఇల్లు మరీ చల్లగా ఉండటం వల్ల ఫ్రీజర్ కరిగిపోవడం. ప్రతి ఫ్రిజ్‌కీ ఏ వాతావరణంలో పనిచేయాలో చెప్పే తరగతి ఉంటుంది, మోడల్ నంబరున్న స్టిక్కర్ మీదే రాస్తారు. ఎస్ఎన్ అంటే గది 10 నుంచి 32 డిగ్రీలు, ఎన్ అంటే 16 నుంచి 32, ఎస్‌టీ 16 నుంచి 38, టీ 16 నుంచి 43. మే నెల విశాఖకి ఈ చివరిది కావాలి. హీటింగ్ బిల్లుకి భయపడి జనవరిలో ఇల్లు 12 డిగ్రీల్లో ఉంచితే ఎన్ తరగతి ఫ్రిజ్ ఏం చేస్తుందంటే, ఫ్రిజ్ భాగం ఎలాగూ చల్లగానే ఉంది కదా అని కంప్రెసర్‌ని లేపదు. ఫ్రిజ్‌కీ ఫ్రీజర్‌కీ కలిపి ఒకే థర్మోస్టాట్ ఉన్నవాటిలో అప్పుడు ఫ్రిజ్ భాగంలో పాలు బాగుంటాయి, ఐస్ బాక్స్‌లో రొయ్యలు మెత్తబడతాయి. ఫ్రిజ్ చెడిపోయిందని ఓనరుకి ఫోన్ చేసే ముందు గదిని కాస్త వెచ్చబెట్టి ఒక రోజు చూడండి.

కరెంటు పోతే? తలుపు తీయకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు ఆగుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24. గట్టు కింది చిన్న ఐస్ బాక్స్‌కి అంత నమ్మకం పెట్టుకోకండి, ఈ లెక్క పెద్ద ఫ్రీజర్లది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా అమ్మ ఈ లెక్కలేవీ చూడలేదు. ఫ్రిజ్‌లో ఉన్న చేపలన్నీ పొయ్యి మీదికి ఎక్కించి మెట్ల మీదున్న వాళ్లందరికీ పంచేసింది. అక్కడ కూడా అనుమానంగా ఉన్న మాంసం, చేపలు వాసన చూసి నిర్ణయించకండి, పారేయండి. కొన్ని మోడళ్లలో కరెంటు వచ్చాక అలారం బటన్ నొక్కితే ఈలోగా లోపల ఎంత వేడి దాకా వెళ్లిందో చూపిస్తుంది, ఆ సదుపాయం ఉంటే వాడుకోండి.

ఇక డబ్బు సంగతి. ఫ్రిజ్ ఇంటితో పాటు వచ్చిందైతే, ఇంట్లో చేరిన రోజు ఇచ్చే సామాన్ల జాబితాలో దాని పేరు ఉందా, ఒప్పందంలో రిపేరు ఎవరిదని రాశారో చూడండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి, అలారం మోగుతున్న వీడియో, స్టిక్కర్ ఫోటో, గ్లాసులో థర్మామీటర్ ఫోటో జతచేయండి. మీరే కొత్తగా కొన్నదైతే, బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు అడగవచ్చు. ఆ తర్వాత అయితే అమ్మినవాళ్లకి ముందు రిపేరుకో, మార్చి ఇవ్వడానికో ఒక అవకాశం ఇవ్వాలి. అడగాల్సింది అమ్మిన షాపుని, తయారుచేసిన కంపెనీని కాదు. తెచ్చేటప్పుడు పడుకోబెట్టి తెస్తే నిలబెట్టి కొన్ని గంటలు ఆగి ఆన్ చేయాలి, మాన్యువల్‌లో ఎన్ని గంటలో ఉంటుంది.

మెకానిక్‌ని పిలిచే ముందు ఒక మాట అడగండి: వచ్చి చూసి లోపమేమీ లేదంటే విజిటింగ్ ఛార్జీ ఎవరిది? నా మూడో ఇంట్లో ఏజెంటు పంపిన మనిషి వచ్చి, ఫ్రిజ్ ముందు నేను పెట్టిన కూరగాయల డబ్బా పక్కకి జరిపి, రెండు నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఆ నెల అద్దెతో పాటు 60 పౌండ్ల బిల్లు వచ్చింది. ఆంటీ వాళ్లబ్బాయి వంటగది వీడియోలో బస్తాని అంత త్వరగా పట్టుకున్నానంటే అందుకే.